జిల్లా చీలింది, దస్త్రం చీలకూడదు: పాలమూరు రెవెన్యూ రికార్డుల పంపకంపై ఒక కేస్ స్టడీ

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. షాద్‌నగర్ వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌లోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా ప్రత్యేక జిల్లా అయింది. కొత్త కార్యాలయాలకు సిబ్బందిని, వాహనాలను, బల్లలను, కంప్యూటర్లను ఎలా పంచాలో లెక్కలు తయారయ్యాయి. దశాబ్దాలుగా పేరుకున్న దస్త్రాల సంగతి వచ్చేసరికి మాత్రం "ఏ ఊరిది ఆ జిల్లాకు" అన్న ఒక్క మాటే అందరి నోటా వినిపించింది. వినడానికి న్యాయంగానే ఉన్న ఈ మాటను ఉన్నదున్నట్టు అమలు చేస్తే ఏ రికార్డు నిలుస్తుంది, ఏది చెడుతుంది అన్నదే ఈ కేసులోని ప్రశ్న.

పాలమూరు ప్రాంతంలోని ఒక రెవెన్యూ రికార్డు గదిలో దస్త్రాల జాబితా, సంరక్షణ, పంపకం పనుల్లో ఆర్కైవిస్టుగా పాల్గొన్న అనుభవంతో దీన్ని రాస్తున్నాను. కార్యాలయం పేరు, ఫైళ్ల నంబర్లు, అర్జీదారుల వివరాలు ఇవ్వడం లేదు. ఇలాంటి గదులు మన జిల్లాలన్నింటిలోనూ ఉన్నాయి కనుక, పేర్లు లేకపోయినా ఈ పని చేసేవారికి ఇందులోని చిక్కులు పరిచితమైనవే.

గదిలో ఉన్నవి

గదిలో మూడు కాలాల రికార్డులు కలగాపులగంగా ఉన్నాయి. అడుగున, ఎర్రగుడ్డ బస్తాల్లో, నిజాం పాలన నాటి ఉర్దూ మిసిళ్లు (దస్త్రాలు). వాటి పైన, 1948 తర్వాత హైదరాబాద్ రాష్ట్రం నడిచిన కొద్ది సంవత్సరాల కాగితాలు. వీటిలో ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు ఒకే ఫైలులో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆపైన, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చిన పద్ధతిలో కరెంట్ నంబరు (అందిన కాగితానికి వేసేది), నోట్ ఫైలు, డిస్పోజల్ నంబరు (ఫైలు ముగిసినప్పుడు వేసేది) ఉన్న ఫైళ్లు. ఇవిగాక గ్రామాల వారీ రిజిస్టర్లు ఉన్నాయి: సేత్వార్ (తొలి సర్వే సెటిల్మెంట్ పట్టిక) నకళ్లు, ఫైసల్ పట్టీలు (ఏటా భూముల మార్పుల పట్టికలు), వసూల్ బాకీ పుస్తకాలు (శిస్తు వసూలు, బకాయిల లెక్కలు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (పహాణీ అంటే ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే పుస్తకం), 1955-58 నాటి చెస్సాల పహాణీ, ఆ తర్వాతి ఏటేటి పహాణీలు. 1984లో పటేల్-పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు పట్వారీల ఇళ్ల నుంచి వచ్చిన పుస్తకాలు ఒక మూలన, 2020 సెప్టెంబరులో వీఆర్వోల నుంచి స్వాధీనం చేసుకున్నవి మరో మూలన ఉన్నాయి. మధ్యలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు జరిగిన బదిలీల గుర్తులు అంతటా కనిపిస్తాయి.

పని మొదలుపెట్టగానే ఒక విషయం కళ్లబడింది. గద్వాల, ఆలంపూర్ ప్రాంతాలకు సంబంధించిన పాత మిసిళ్లపై ఉన్న ఉర్దూ మోహర్లలో (ముద్రల్లో) జిల్లా పేరు రాయచూరు. ఇందులో వింత లేదు. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడే దాకా గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోనే ఉండేవి. కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల హద్దులు మారినప్పుడు ఆ తాలూకాల కాగితాల్లో కొన్ని ఇటు వచ్చాయి, కొన్ని అటే ఉండిపోయాయి. ఏవి వచ్చాయో, ఏవి రాలేదో, ఎవరు ఎవరికి అప్పగించారో చెప్పే జాబితా మాకు ఈ గదిలో దొరకలేదు. మిసిల్ మధ్యలో "పైన ఉదహరించిన ఉత్తర్వు ప్రకారం" అన్న మాట ఉంటుంది. ఆ ఉత్తర్వు ఉండదు. అది రాయచూరులో ఉందో, ఎక్కడా లేదో తెలియదు. అంటే మేము చేయబోయే పంపకం ఈ రికార్డులకు మొదటిది కాదు. మొదటిసారి జరిగిన పంపకం ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఎంత ఖాళీని మిగిల్చిందో గదిలోని బస్తాలే చూపుతున్నాయి. అధికారులతో జరిగిన చర్చల్లో నేను ముందు పెట్టిన ఆధారం ఇదే.

నల్గొండ వైపు పనిచేసేవారికి దీనికి తోడు మరో ఉదాహరణ ఉంది. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, కృష్ణా జిల్లాలో భాగంగా బ్రిటిష్ పాలన కింద ఉండి, 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు పహాణీ, గుంటల లెక్క ఉంటే, అక్కడి పాత రికార్డులో అడంగల్, సెంట్ల లెక్క ఉంటుంది. గుంట అంటే ఎకరంలో 40వ వంతు, సెంటు అంటే 100వ వంతు. ఆ కాగితం ఏ కార్యాలయ పద్ధతిలో పుట్టిందో జాబితాలో రాయకుండా, ఊరి పేరు మాత్రమే రాసి నల్గొండ కట్టల్లో కలిపేస్తే, తర్వాత చదివేవాడు విస్తీర్ణాన్నే తప్పుగా చదువుతాడు.

ముంపు ఊళ్ల ఫైళ్లు

గదిలోని అన్ని రికార్డుల్లోకీ ఎక్కువగా అడిగేవి, ఎక్కువగా చెదిరిపోయినవి శ్రీశైలం ప్రాజెక్టు భూసేకరణ ఫైళ్లు. కృష్ణా, తుంగభద్ర తీరాన ఉన్న పాలమూరు, కర్నూలు జిల్లాల ఊళ్లు అనేకం ఆ జలాశయంలో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపూర్‌లో తిరిగి కట్టారు. సోమశిల గుడులను ఎత్తైన చోటికి తరలించారు. గుడుల తరలింపు గురించి పుస్తకాల్లో ఉంది. ఇళ్ల గురించి ఉన్నది మాత్రం ఈ ఫైళ్లలోనే.

1986 ఏప్రిల్ 15న జీవో 98 వచ్చింది. దాని ప్రకారం నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగావకాశం కల్పించాలి. అందుకు దరఖాస్తు చేసే మనిషి తమ కుటుంబం ఇల్లో భూమో ముంపులో కోల్పోయిందని చూపాలి. భూమి ఉన్నవారికి పహాణీలో పేరు ఉంటుంది, అవార్డులో (నష్టపరిహారం నిర్ణయించిన ఉత్తర్వులో) సర్వే నంబరు ఉంటుంది, ఒకచోట దొరకకపోతే మరోచోట దొరుకుతుంది. భూమి లేనివారి స్థితి వేరు. కూలి చేసుకున్నవారికి, చేతివృత్తుల వారికి గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లు ఉండే స్థలంలో, ఒక ఇల్లు మాత్రమే ఉండేది. గ్రామకంఠంలోని ఇళ్లకు పట్టాదారు అనే లెక్క పహాణీలో ఉండదు. అలాంటి కుటుంబం ఆ ఊళ్లో బతికిందని, దాని ఇల్లు ప్రభుత్వం తీసుకుందని రెవెన్యూ కాగితాల్లో చెప్పేది ఇళ్ల విలువ కట్టిన పట్టిక, నష్టపరిహారం ముట్టినట్టు వేలిముద్ర ఉన్న చెల్లింపు జాబితా, ఈ రెండే. ఒక పెద్దాయన కౌంటర్ దగ్గర అడిగిన మాట ఇది: "సారూ, మాకు పొలం లేదు, ఉన్నది ఒక్క మిద్దె. గది ముంపుల పోయింది. దానికి పైకం ఇచ్చినట్టు కాయితం ఉంటది గదా, జర సూసి చెప్పుండ్రి."

1894 నాటి భూసేకరణ చట్టం కింద తయారైన ఒక ఫైలు సక్రమంగా ఉంటే అందులో ఏమేం ఉండాలో చెప్పడం అవసరం. ప్రాజెక్టు ఇంజనీర్ల నుంచి వచ్చిన కోరిక లేఖ, సెక్షన్ 4(1) నోటిఫికేషన్ ఉన్న గెజిట్ పుట, సెక్షన్ 6 ప్రకటన, సెక్షన్ 9 నోటీసులు అందినట్టు సంతకాలు, నిశానీలు, సబ్‌డివిజన్ నక్షాలు, చుట్టుపక్కల క్రయవిక్రయాల ధరల పట్టిక, ఇళ్లు, బావులు, చెట్ల విలువ పట్టికలు, సెక్షన్ 11 కింద అవార్డు, స్వాధీన పంచనామా, చెల్లింపు జాబితా. సెక్షన్ 18 కింద ఎవరైనా కోర్టుకు వెళ్లి ఉంటే ఆ కాగితాలు. అవార్డు ఊరి వారీగానే ఉంటుంది గానీ, దాని కింద ఉన్న ధరల పట్టికలు, ఇంజనీర్లతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు, కోర్టు డిపాజిట్ల వివరాలు చాలాసార్లు పక్కపక్క ఊళ్లన్నింటికీ కలిపి ఒకే ఫైలులో నడిచాయి. పైగా ఈ ఫైళ్లను నడిపినవి స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ల కింద ఏర్పడిన తాత్కాలిక భూసేకరణ యూనిట్లు. ఒక యూనిట్ మూతపడితే దాని రికార్డు ఇంకో కార్యాలయానికి చేరేది. ఒక ఫైలు ఇప్పుడు ఏ బీరువాలో ఉందన్న దానికంటే ఏ యూనిట్‌లో పుట్టి ఏ దారిన ఇక్కడికి చేరిందన్నది తెలిస్తేనే, దాని జత ఫైళ్లను ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇప్పుడు "ఏ ఊరిది ఆ జిల్లాకు" అన్న సూత్రాన్ని ఈ ఫైళ్లకు వర్తింపజేసి చూడండి. ఊరు నీళ్ల కింద ఉంది. దాని శివారు నేటి పటంలో ఒక జిల్లా కిందికి వస్తుంది. ఊరి జనం వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాల్లోని వేర్వేరు పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. ధరల పట్టిక నాలుగైదు ఊళ్లకు ఉమ్మడి. ఈ ఫైలును ఎవరికి ఇచ్చినా మిగిలినవారికి అన్యాయం జరుగుతుంది. విడదీసి అందరికీ తలా కొంత ఇస్తే, ఎవరి చేతిలో ఉన్నదీ పూర్తి రుజువు కాదు.

ఒక విడి కాగితం

విడదీస్తే ఏమవుతుందో చూపడానికి ఒక కాగితం గురించి కొంచెం వివరంగా చెబుతాను. పట్వారీల పుస్తకాల మధ్య, సంబంధం లేని చోట, గీతలు గీసిన ఫుల్‌స్కేప్ కాగితం ఒకటి దొరికింది. ఐదు నిలువు గడులు: వరుస సంఖ్య, యజమాని పేరు, తండ్రి పేరు, ఇంటి వివరం, విలువ. ఇంటి వివరం గడిలో "రాతిగోడ మిద్దె, ఒక దర్వాజ", "మట్టిగోడ, గడ్డి కప్పు" వంటి పొడి మాటలు. పైన ఊరి పేరు లేదు, ఎందుకంటే అది మొదటి పుటలోనే ఉంటుంది. కింద సంతకం లేదు, ఎందుకంటే అది చివరి పుటలోనే ఉంటుంది. డిస్పోజల్ నంబరు లేదు. ఇందులో పదికి పైగా కుటుంబాల పేర్లున్నాయి. ఈ స్థితిలో దీని నకలు ఇచ్చినా విలువ లేదు. ఏ ఊరిదో, ఏ అవార్డుకు చెందినదో, అసలు ప్రభుత్వ ఫైలులోదో కాదో చెప్పడానికి కాగితంలో ఏమీ లేదు.

దాని స్థానం ఎలా తెలిసిందంటే, ముందు కాగితం భౌతిక గుర్తులన్నీ రాసుకున్నాం. ఎడమ పై మూలన పిన్ను తుప్పు మరక, దాని కింద ట్యాగు రంధ్రం, కుడి అంచుకు రెండు వేళ్ల దూరంలో పురుగు తొలిచిన గుండ్రటి చిల్లు, పై మూలలో ఎర్ర పెన్సిల్‌తో రికార్డు కీపర్ వేసిన పుట సంఖ్య. ముంపు ఫైళ్ల జాబితా పూర్తయ్యాక, ఇళ్ల విలువ పట్టికలో మధ్యన రెండు పుటలు లేని ఫైలు ఒకటి కనిపించింది. లేని పుటల సంఖ్యల్లో ఒకటి ఎర్ర పెన్సిల్ సంఖ్యతో సరిపోయింది. పురుగు చిల్లు ముందు పుటలోనూ తర్వాతి పుటలోనూ అదే చోట ఉంది. కాగితాలు కట్టగా ఉన్నప్పుడు పురుగు వాటిని ఒకే దారిలో తొలుచుకుంటూ పోతుంది కనుక ఇది బలమైన ఆధారం. తుప్పు మరక ఆకారం కలిసింది. అన్నింటికంటే గట్టిది లెక్క: ఇలాంటి పట్టికల్లో ప్రతి పుట కింద అప్పటిదాకా అయిన మొత్తాన్ని వేసి, తర్వాతి పుట పైన దాన్నే మళ్లీ రాస్తారు. ముందు పుట అడుగున ఉన్న మొత్తం, ఈ విడి కాగితం పైన ఉన్న మొత్తం పైసలతో సహా ఒకటే.

ఈ నాలుగు ఆధారాలను తేదీతో ఒక నివేదికగా రాసి, చూసినవారందరి సంతకాలు చేయించి, ఫైలుకు జత చేశాం. కాగితాన్ని ఫైలులో కుట్టలేదు. ఆమ్లరహిత కవరులో పెట్టి దాని స్థానంలోనే ఉంచాం. ఎందుకంటే అది కొంతకాలం వేరే చోట ఉందన్నది కూడా రికార్డు చరిత్రలో భాగమే, దాన్ని దాచే హక్కు మనకు లేదు. నకలు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ మాటతో ధ్రువీకరించాలి అన్న నిర్ణయం ఆ అధికారం ఉన్న అధికారిది. ఆయన నివేదికను చదివి నిర్ణయం తీసుకోగలిగే స్థితిని కల్పించడం దాకానే ఆర్కైవిస్టు పని. ఆ ఫైలులో లేని రెండు పుటల్లో మిగిలినది ఇంకా దొరకలేదు.

ఆ కాగితం అక్కడికి ఎలా చేరిందో ఊహించడం కష్టమేమీ కాదు. ఒకప్పుడు ఎవరో ఒక ఊరి కాగితాలన్నీ ఒకచోట పెట్టాలన్న మంచి ఉద్దేశంతోనే ఫైలు విప్పి ఉంటారు.

పంపకానికి పెట్టుకున్న పద్ధతి

ఊరి వారీ పంపకం కోరినవారి వాదనలో బలం ఉంది. ఆలంపూర్ నుంచి మహబూబ్‌నగర్ నూరు కిలోమీటర్లకు పైనే. ఒక నకలు కోసం కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చే మనిషికి "మూలస్థాన సూత్రం" (రికార్డు పుట్టిన కార్యాలయపు క్రమంలోనే ఉండాలన్న నియమం) గురించి చెప్పి పంపడం న్యాయం కాదు. అందుకే అన్నీ ఇక్కడే ఉండాలని మేము పట్టుబట్టలేదు. రికార్డు ఏ రూపంలో పుట్టిందో చూసి, దాన్నిబట్టి నిర్ణయించాలన్నాం.

పుట్టుకలోనే గ్రామానికి ఒక పుస్తకంగా ఉన్నవి, అంటే పహాణీలు, ఫైసల్ పట్టీలు, వసూల్ బాకీ రిజిస్టర్లు, కొత్త జిల్లాలకు వెళ్లవచ్చు. వాటిని ఒక ఊరికి ఉన్న వరుస మొత్తాన్ని తెగకుండా పంపాలి. ఖాస్రా పహాణీ ఒకచోట, తర్వాతి ఏళ్లవి మరోచోట ఉండకూడదు. అప్పగింత జాబితా మూడు ప్రతులు: ఇచ్చినవారికి, పుచ్చుకున్నవారికి ఒక్కొక్కటి, గదిలో శాశ్వతంగా ఉండే బదిలీ రిజిస్టరులో ఒకటి. జాబితాలో పుస్తకం పేరుతో పాటు పుటల సంఖ్య, చిరిగిన పుటలు, లేని పుటలు, దిద్దుబాట్లు ఉన్న చోట్లు రాశాం. పంపేముందు రాయకపోతే ఆ చిరుగు ఎక్కడ పడిందన్న వివాదం రెండు కార్యాలయాల మధ్య ఏళ్ల తరబడి నడుస్తుంది. ఖాస్రా పహాణీలో ఒక్క పేరు మీద ఒక దిద్దుబాటు సివిల్ దావాను మలుపు తిప్పగలదు గనుక ఈ జాగ్రత్త అతి అనిపించదు.

కార్యాలయ ఫైళ్లు, అంటే భూసేకరణ, రక్షిత కౌలుదారుల కేసులు, ఇనాం కేసులు, అప్పీళ్లు, విప్పకుండా పుట్టిన చోటే ఉండాలి. కొత్త జిల్లాకు పూర్తి స్కాన్ ప్రతి, ఆ జిల్లా ఊళ్ల పేర్ల సూచిక వెళతాయి. అక్కడి కౌంటర్‌లో అర్జీ ఇస్తే నకలు కోరిక ఇక్కడికి తపాలులో వస్తుంది, మనిషి రానక్కరలేదు.

ఇక డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లు, పర్సనల్ రిజిస్టర్లు, డిస్పోజల్ రిజిస్టర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కదలకూడదు. వీటిని పాత కాగితాల్లో అతి తక్కువ విలువైనవిగా చూసే అలవాటు మన కార్యాలయాల్లో ఉంది. నిజానికి ఏ కాగితం ఎప్పుడు వచ్చింది, ఏ గుమాస్తా దగ్గరికి వెళ్లింది, ఏ నంబరుతో ముగిసింది అన్నది చెప్పేవి ఇవే. ఫైలు పోయినా, అది ఒకప్పుడు ఉండేదని రుజువు చేసేది ఈ రిజిస్టరే.

ఈ పని నడుస్తుండగానే నాశనం చేయడానికి విడిగా కట్టిన బస్తాలను కూడా చూశాం. ఫైలు మూసేటప్పుడు వేసే డిస్పోజల్ గుర్తును బట్టి గడువు ఉంటుంది: ఆర్.డిస్. వేసిన ఫైలు శాశ్వతంగా ఉండాలి, డి.డిస్. పదేళ్లు, ఎల్.డిస్. ఒక ఏడాది ఉంచాలి. ఆ బస్తాల్లోని డి.డిస్. ఫైళ్లలో ముంపు ఇళ్ల చెల్లింపు జాబితాలు ఉన్నాయి. ఫైలు మూసిన గుమాస్తా నియమం తప్పలేదు. పైకం చెల్లించడం అయిపోయింది, లెక్క ముగిసింది, పదేళ్లు చాలు అనుకున్నాడు. ఆ కాగితాల మీద ఒక కుటుంబం ఉద్యోగం ఆధారపడుతుందని జీవో 98 కంటే ముందు ఎవరికీ తెలిసే వీలు లేదు. అందుకే నాశనం జాబితాను గడువు తేదీ చూసి ఆమోదించే పద్ధతి చాలదని నా గట్టి అభిప్రాయం. ఆ ప్రాంతపు చరిత్ర, ప్రాజెక్టులు, వలసలు తెలిసిన మనిషి ఒకరు ప్రతి ఫైలు తెరిచి చూశాకే దాన్ని వదలాలి.

తేదీలు, భాష

ఉర్దూ మిసిళ్ల జాబితా తయారీలో అతి మామూలుగా దొర్లే తప్పు తేదీది. ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరికీ తెలుసు. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజుర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది. కనుక తొలి మూడు నెలలకు 590 కలపాలి, ఆపైన 591 కలపాలి. ఖుర్దాద్ నెల, 1345 ఫసలీ అని ఉంటే అది 1936 వేసవి. 590 కలిపినవారు 1935 అని రాస్తారు. వారసత్వ తగాదాలో ఏడాది తేడా చాలా పెద్దది. జాబితాలో మూలంలో ఉన్న ఫసలీ తేదీని అలాగే రాసి, మార్చిన తేదీని పక్క గడిలో వేరుగా రాయాలని నియమం పెట్టుకున్నాం. మొత్తాల విషయంలోనూ అంతే: హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది రాయాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం.

శికస్తా (ఉర్దూ, ఫారసీ గొలుసుకట్టు) రాతను చదవగలిగేవారు ఈ జిల్లాల్లో నానాటికీ తగ్గిపోతున్నారు. చదవడం రాని మిసిళ్లకు ఊహించి పేరు పెట్టడం కంటే, బయటి గుర్తులు రాసి ఊరుకోవడం మేలు. ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు ఈ పనిలో మాకు తోడ్పడ్డారు. ఆయన చదువుతుంటే రికార్డు అసిస్టెంట్లు పక్కన కూర్చుని తెలుగులో రాసుకున్నారు, కొన్ని పదాలను గుర్తుపట్టడం తామూ నేర్చుకున్నారు. ఈ నేర్పరులను వారి ఆరోగ్యం బాగున్నప్పుడే పిలిచి, గౌరవ వేతనం ఇచ్చి, పని చేయించుకోవాలి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫారసీ, ఉర్దూ రికార్డుల అనుభవం ఉంది. జిల్లా గదులకు ఆ అనుభవం అందే ఏర్పాటు నిలకడగా ఉండాలని కోరుకుంటున్నాను.

సంరక్షణ, స్కానింగ్

కాగితం బాగోగుల గురించి క్లుప్తంగానే రాస్తాను, ఎందుకంటే ఇందులో మేము కొత్తగా కనిపెట్టింది లేదు. పాలమూరు ఎండకు కాగితం పెళుసెక్కుతుంది, వానాకాలం గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. ఏటా ఈ రెండింటి మధ్య సాగి ముడుచుకోవడమే కాగితాన్ని ఎక్కువగా పాడుచేస్తుంది. ర్యాకులను గోడకు అర అడుగు ఎడంగా జరిపాం, అన్నింటికంటే కింది అరను నేలకు తాకకుండా ఎత్తాం, పట్వారీల ఇళ్ల నుంచి వచ్చిన పుస్తకాలను చెదలు, వెండిపురుగుల తనిఖీ అయ్యేదాకా వేరే గదిలో ఉంచాం. తడిసిన ఫైళ్లను ఎండలో పెట్టకుండా నీడలో, ఫ్యాను గాలిలో, మధ్యమధ్య అద్దుడు కాగితం పెట్టి ఆరబెట్టాం. చిరుగులకు సెల్లోటేపు వాడకాన్ని పూర్తిగా ఆపించాం. పాత టేపు జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మారిన చోట అక్షరం పోతుంది. పలుచటి టిష్యూ కాగితం, పిండి జిగురుతో చేసిన అతుకును తర్వాత నీటితో తీయవచ్చు. తీయడానికి వీల్లేని మరమ్మతు చేయకపోవడం మేలు.

స్కానింగ్ విషయంలో ఒకే ఒక్క పట్టుదల: కుట్టు విప్పకూడదు. వేగం కోసం కుట్టు కోసి పుటలను యంత్రంలో వేసే పద్ధతిని మరోచోట చూశాను, పుటలు తారుమారైన పుస్తకాలను కూడా చూశాను. పై నుంచి ఫొటో తీసే స్కానర్‌తో 300 డీపీఐలో, ఖాళీగా కనిపించే వెనక పుటలతో సహా తీయించాం. వెనక పుట ఖాళీ కాదు. అందిన తేదీ ముద్ర, నకలు ఇచ్చినట్టు రాసిన మాట, ఎవరో పెన్సిల్‌తో వేసిన జత ఫైలు నంబరు అక్కడే ఉంటాయి.

ఇంత జాగ్రత్త ఎందుకని మొదట అనుమానించిన సిబ్బందిని ఒప్పించింది చివరికి చట్టమే. 30 ఏళ్లు దాటిన పత్రం సరైన సంరక్షణ నుంచి వస్తే దాని సంతకాలు, రాత నిజమైనవని న్యాయస్థానం భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం సెక్షన్ 90 చెప్పింది; 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది సెక్షన్ 92. ఉండవలసిన చోట ఉండటం, అక్కడికి చేరిన దారి తెలియడం పత్రానికి బలం. రికార్డులను సూచికతో, పట్టికతో నిర్వహించడం 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(ఎ) ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయానికీ విధి. ఈ రెండూ చదివి వినిపించాక బదిలీ రిజిస్టరు ఎందుకని అడిగినవారు లేరు.

ప్రస్తుత స్థితి

గ్రామ రిజిస్టర్ల అప్పగింత ముగిసింది. ముంపు ఫైళ్ల సూచిక మూడు విధాలుగా తయారైంది: మునిగిన ఊరి పేరుతో, అవార్డు సంఖ్యతో, పునరావాస కేంద్రం పేరుతో. మూడోది అర్జీదారులు చెప్పిన తర్వాత చేర్చింది. రెండో తరం వారిలో చాలామందికి తాత ఊరి పేరు కంటే తాము పెరిగిన కేంద్రం పేరే తెలుసు. స్థానం తేలని విడి కాగితాలను, దొరికిన బస్తా సంఖ్య, దాని పైన కింద ఉన్న కాగితాల వివరంతో, దొరికిన వరుసలోనే ఒక పెట్టెలో ఉంచాం. వాటి స్కాన్ ప్రతులు కొత్త జిల్లాలకూ వెళ్లాయి, ఎందుకంటే జత కాగితం అక్కడి పుస్తకాల్లోనే ఉండవచ్చు.

1956కు ముందటి ఆలంపూర్, గద్వాల మిసిళ్ల విషయంలో మా దగ్గర ఉన్నవాటి పట్టికను, తెగిపోయిన చోట్ల జాబితాను తయారుచేసి, రాయచూరు వైపు రికార్డుల్లో వెతకడానికి అనుమతి కోరుతూ ప్రతిపాదన పైకి పంపాం. మూలాలు ఇవ్వమని అడగలేదు. అవి అక్కడ పుట్టాయి, అక్కడే ఉండాలి. ఉన్నాయో లేదో తెలిపి, ఉంటే వాటి నంబర్లు, స్కాన్ ప్రతులు ఇమ్మని కోరాం. జవాబు వచ్చేదాకా ప్రతి మిసిల్ మొదటి పుటకు ముందు, ఏ ఉత్తర్వు లేదో, అది ఏ కార్యాలయంలో ఉండే అవకాశముందో తెలిపే చీటీ ఒకటి ఉంటుంది.